మంచు అక్కరలేని తీగ గులాబీలు

గులాబీ సాగు గురించి పుస్తకాల్లోనూ నర్సరీల్లోనూ వినిపించే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల తోటల్లో తయారైనవి. చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోయే మొక్కను మనసులో పెట్టుకుని, ఆ నిద్ర ముగిసే ముందు కొమ్మలను సగానికి పైగా నరకమనీ, వసంతంలో ఒక్కుమ్మడిగా వచ్చే చిగురు కోసం ఎదురుచూడమనీ అవి చెబుతాయి. మొక్క ఏడాది పొడవునా ఏదో ఒక మేరకు పెరుగుతూనే ఉండే వేడి ప్రాంతాల్లో ఈ పద్ధతి సగమే ఫలిస్తుంది. తీగ గులాబీల విషయంలోనైతే తరచు హానే చేస్తుంది. గులాబీలన్నీ చలిదేశాలవి కావు. దక్షిణ చైనా, ఈశాన్య భారతం, ఎగువ బర్మా, పశ్చిమాసియాల గులాబీల నుంచి 19వ శతాబ్దంలో రూపొందిన కొన్ని పాతకాలపు తీగ రకాలు వెచ్చని నేలల్లోనే నిండుగా పెరుగుతాయి. గట్టి మంచు తగిలితే వాటి కొమ్మలు మాడిపోతాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఎక్కడ నాటాలో, ఎలా మలచాలో, ఎప్పుడు కత్తెర పట్టాలో, ఎప్పుడు చేయి పెట్టకుండా వదిలేయాలో చాలావరకు తెలిసిపోతుంది.

పాత గులాబీ, ఎక్కే గులాబీ

అమెరికన్ రోజ్ సొసైటీ వర్గీకరణ ప్రకారం 1867కు ముందే ఉనికిలో ఉన్న వర్గాలకు చెందిన గులాబీలను పాతతోట గులాబీలు అంటారు. ఆ ఏడాది ఫ్రాన్సులో గియో అనే నర్సరీ యజమాని విడుదల చేసిన 'లా ఫ్రాన్స్'ను తొలి హైబ్రిడ్ టీ గులాబీగా లెక్కిస్తారు; నేడు పూలదుకాణాల్లో పొడవాటి కాడ మీద కోసుగా నిలిచే గులాబీలు ఆ వంశానివే. ఈ నిర్వచనంలో చూసేది వర్గం పుట్టిన కాలాన్నే గాని ఒక్కొక్క రకం విడుదలైన ఏడాదిని కాదు కాబట్టి, 1904లో వచ్చిన 'క్రెపుస్క్యూల్' కూడా తన వర్గం ప్రాచీనత వల్ల పాత గులాబీగానే చెల్లుతుంది.

తీగ గులాబీ అన్న మాటను కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. కాకరకూ ద్రాక్షకూ ఉన్నట్లు గులాబీకి నులితీగలు లేవు, చిక్కుడులా ఆధారాన్ని చుట్టుకునే కాండమూ లేదు. దానికున్నవల్లా పొడవుగా సాగే కొమ్మలు, ఆ కొమ్మల పైపొర నుంచి పుట్టి కొక్కెంలా కిందికి వంగిన ముళ్లు. అడవిలో ఈ కొమ్మలు పక్కనున్న చెట్టు మీదికి వాలి, ముళ్లతో పట్టు చిక్కించుకుని, వెలుతురు ఉన్నచోటికి పాకుతాయి. తోటలో ఆ చెట్టు స్థానాన్ని పందిరి, కంచె, కమాను లేదా గోడ తీసుకుంటుంది. మొక్క దానంతటది పట్టుకోలేదు కాబట్టి కొమ్మను ఆధారానికి కట్టే పని తోటమాలిదే అవుతుంది. తీగ గులాబీ సాగులో శ్రమంతా ఈ కట్టడంలో ఉంది, నేర్పు కూడా ఇక్కడే ఉంది.

చార్లెస్టన్ నుంచి పారిస్‌కు

వేడి ప్రాంతాలకు అన్నిటికన్నా తగిన పాత తీగ గులాబీల వర్గం అమెరికాలో, సౌత్ కరోలినా రాష్ట్రపు చార్లెస్టన్ నగరం దగ్గర మొదలైంది. ఉక్కపోతతో కూడిన దీర్ఘమైన వేసవి, మంచు అరుదుగా పడే చలికాలం ఉన్న ఆ తీరప్రాంతంలో వరి క్షేత్రాలకు యజమాని అయిన జాన్ చాంప్నీస్ తోటలో 1800 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఒక కొత్త గులాబీ తలెత్తింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి పశ్చిమాసియాతో ముడిపడిన కస్తూరి గులాబీ. గుత్తులుగా పూయడం, వేసవి చివరి నుంచి శరదృతువు వరకు పూస్తూ ఉండటం, గాలిలో దూరానికి వ్యాపించే పరిమళం దాని లక్షణాలు. రెండోది చైనా తోటల నుంచి 18వ శతాబ్దం చివర యూరప్ చేరిన 'ఓల్డ్ బ్లష్'. ప్రతి కొత్త చిగురు చివరా మొగ్గ తొడుగుతూ ఏడాదిలో అనేక విడతలు పూయడం దాని ప్రత్యేకత. ఈ రెంటి సంకరంగా వచ్చిన లేత గులాబీ రంగు గుత్తుల తీగకు 'చాంప్నీస్ పింక్ క్లస్టర్' అన్న పేరు నిలిచింది.

చార్లెస్టన్‌లోనే నర్సరీ నడుపుతున్న ఫ్రెంచివాడు ఫిలిప్ న్వాజెట్ ఆ గులాబీ గింజల నుంచి మరో మొక్కను పెంచి, పారిస్‌లో అదే వృత్తిలో ఉన్న సోదరుడు లూయీకి పంపించాడు. తల్లికన్నా పొట్టిగా పెరిగి, తల్లికన్నా ఎక్కువ విడతలు పూసే ఆ 'బ్లష్ న్వాజెట్' అక్కడ పేరు తెచ్చుకుంది. పూల చిత్రకారుడు రెడూటే తన ప్రసిద్ధ గులాబీ చిత్రమాలికలో దానికి చోటిచ్చాడు. అన్నదమ్ముల ఇంటిపేరే ఆ వర్గానికి పేరైంది. 1828లో ఫ్రెంచి సాగుదారు వీబేర్ తన కుమార్తె పేరిట విడుదల చేసిన తెల్లని 'ఎమే వీబేర్' ఈ తొలి తరానికి చెందినదే.

రెండో మలుపు 1824లో వచ్చింది. లండన్ హార్టికల్చరల్ సొసైటీ తరఫున చైనా వెళ్లిన జాన్ పార్క్స్ ఆ ఏడాది లేత పసుపుపచ్చని టీ గులాబీని ఇంగ్లండుకు తెచ్చాడు. టీ గులాబీలు అనే వర్గానికి ఆ పేరు రావడానికి వాటి వాసన తాజా తేయాకును గుర్తుచేస్తుందన్న భావన కారణమని చెబుతారు. ఫ్రెంచి సాగుదారులు ఈ పసుపు టీ గులాబీని న్వాజెట్లతో కలపగా, పువ్వు పరిమాణం పెరిగింది, పసుపు, తేనె, ఆప్రికాట్ పండు ఛాయలు ప్రవేశించాయి, మంచును తట్టుకునే శక్తి మాత్రం తగ్గింది. 1830లో 'లమార్క్', 1843లో 'క్లోత్ ఆఫ్ గోల్డ్' అని కూడా పిలిచే 'క్రోమాటెల్లా', 1853లో 'గ్లువార్ ద దిజోన్', 1864లో 'మరెషాల్ నీల్', 1869లో 'రేవ్ దోర్', 1879లో 'మదాం ఆల్ఫ్రెడ్ కారియేర్' ఇలా వరుసగా వెలువడ్డాయి. ఫ్రాన్సు సైన్యాధిపతి పేరు పెట్టుకున్న 'మరెషాల్ నీల్'ను విక్టోరియా కాలపు ఇంగ్లండులో అద్దాల గదుల్లో పెంచవలసి వచ్చేది; అదే గులాబీ భారతదేశపు మైదానాల్లో బంగళాల వరండా స్తంభాలకు ఏ రక్షణా లేకుండా పాకి, దేశీయ నర్సరీల జాబితాల్లో చాలాకాలం నిలిచింది. చలిదేశంలో నాజూకు మొక్కగా పేరుపడినది వెచ్చని దేశంలో మొండిమొక్కగా బతకడానికి కారణం దాని వంశంలోనే ఉంది.

పదేపదే పూయడం వెనుక ఉన్న జన్యువు

గాలికా, ఆల్బా వంటి యూరప్ ప్రాచీన గులాబీలు ఏడాదికి ఒక్క విడతే పూస్తాయి. అదీ మునుపటి ఏడాది పెరిగిన కొమ్మ మీద, మధ్యలో ఒక చలికాలం గడిచాకనే. చలి చాలని చోట వాటి మొగ్గలు సరిగా మేల్కొనవు, మొక్క ఆకులతో నిలుస్తుందే గాని పూత పలచబడుతుంది. హైదరాబాదులోగాని విజయవాడలోగాని అటువంటి రకాలను ఎంత శ్రద్ధగా పెంచినా నిరాశే మిగలడానికి కారణం పెంపకంలో లోపం కాదు.

చైనా గులాబీల తీరు వేరు. పూతను అణచివేసే కేఎస్ఎన్ అనే జన్యువు గులాబీల్లో ఉంటుంది. ఒక్క విడత పూసే జాతుల్లో వసంతపు పూత ముగియగానే ఈ జన్యువు చురుకై, ఆ తర్వాత వచ్చే కొమ్మలన్నిటినీ కేవలం పెరుగుదలకే పరిమితం చేస్తుంది. చైనా గులాబీల్లో ఆ జన్యువు మధ్యలోకి మరో డీఎన్ఏ ముక్క, అంటే కణంలో తన నకళ్లను తానే తయారుచేసుకుని వేరేచోట చొరబడే స్వభావం గల ముక్క ఒకటి, వచ్చి చేరి దాని పనిని ఆపేసింది. అణచివేత లేకపోవడంతో ప్రతి కొత్త చిగురూ పువ్వుతో ముగుస్తుంది. ఈ వివరణను 2012లో వెలువడిన పరిశోధన స్పష్టం చేసింది. 2018లో 'ఓల్డ్ బ్లష్' జన్యుక్రమాన్ని సమగ్రంగా చదవడంతో గులాబీ లక్షణాల అధ్యయనానికి గట్టి పునాది ఏర్పడింది.

తోటమాలికి ఈ సంగతి నేరుగా ఉపయోగపడుతుంది. పొద గులాబీ కొమ్మల్లో ఒకటి అకస్మాత్తుగా తీగలా సాగిపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. అటువంటి కొమ్మను వేరుచేసి పెంచిన రకాలకు పేరు ముందు 'క్లైంబింగ్' అని చేరుస్తారు. 1910 నాటి పొద రకం 'లేడీ హిల్లింగ్డన్' నుంచి 1917లో వచ్చిన తీగ రూపం ఇలాంటిదే. ఈ మార్పు జరిగిన అనేక గులాబీల్లో చొరబడిన డీఎన్ఏ ముక్క చాలావరకు తొలగిపోయి, అణచివేసే జన్యువు కొంత మేరకు తిరిగి పనిచేస్తుందని తేలింది. అంటే మొక్క పూతను కొంత వదులుకుని పొడవును సంపాదించుకుందన్నమాట. అందువల్ల 'క్లైంబింగ్' అన్న పేరుతో అమ్మే తీగలు పొద రూపమంత తరచుగా పూయకపోవచ్చునని కొనుగోలుదారు ముందే తెలుసుకోవడం మంచిది. న్వాజెట్లలో తీగ స్వభావమూ పునఃపుష్పణమూ కలిసే వచ్చినందువల్ల వాటిలో ఈ బేరం అంతగా ఉండదు.

అడవి నుంచి నేరుగా వచ్చినవి

వేడిని ప్రేమించే తీగ గులాబీల్లో మరో శాఖకు మూలం భారతదేశపు ఈశాన్య సరిహద్దులో ఉంది. మణిపూర్ కొండల్లో 1882లో సర్ జార్జ్ వాట్, 1888లో బర్మా షాన్ కొండల్లో జనరల్ హెన్రీ కాలెట్ సేకరించిన రోజా గైగాంటియా అనే జాతి, చెట్ల మీదుగా 20 మీటర్ల వరకు ఎక్కి, అరచేయంత వెడల్పైన వెన్నవంటి తెల్లని పూలు పూస్తుంది. టీ గులాబీల పూర్వీకుల్లో ఇదొకటి. చలిదేశాల్లో దీన్ని ఆరుబయట బతికించడం కష్టం కాబట్టి, సంకరాలన్నీ వెచ్చని తీరాల్లోనే జరిగాయి. లిస్బన్ వృక్షోద్యానంలో హెన్రీ కాయో 1903లో 'బెల్ పోర్చుగేజ్'ను, ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలో ఆలిస్టర్ క్లార్క్ 1924లో 'లొరెయిన్ లీ'ని సృష్టించారు.

ఆ కృషికి తర్వాతి కాలంలో పెద్ద కేంద్రం కొడైకెనాల్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందుగానే ఉద్యోగ విరమణ చేసి అక్కడ స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్, ఆయన భార్య గిరిజ కలిసి మణిపూర్ నుంచి గైగాంటియాను తెచ్చి వేడి దేశాలకు తగిన గులాబీల కోసం దశాబ్దాలు సంకరాలు చేశారు. వారి పసుపు తీగ గులాబీ 'గోల్డెన్ త్రెషోల్డ్' పేరు హైదరాబాదులోని సరోజినీ నాయుడు ఇంటిదే. బెంగాల్ చిత్తడి నేలల్లో, నదుల ఒడ్డున పెరిగి, వానాకాలంలో నీట మునిగినా బతికే తెల్లని రోజా క్లైనోఫిల్లా జాతిని కూడా వారు సంకరాలకు వాడారు. నీరు నిలిస్తే గులాబీ కుళ్లుతుందన్న నమ్మకానికి భిన్నంగా బతికే ఈ జాతి తీరాంధ్ర వంటి ప్రాంతాల్లో భవిష్యత్ గులాబీలకు ఆధారం కాగలదు.

చైనాకే చెందిన లేడీ బ్యాంక్స్ గులాబీని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1807లో విలియం కెర్ గ్వాంగ్‌జౌ నుంచి ఇంగ్లండుకు పంపిన ఈ దాదాపు ముళ్లులేని తీగ వసంతంలో ఒక్క విడతే, పాత కొమ్మల మీద, బొత్తాలంత పూలతో నిండుగా పూస్తుంది. అరిజోనా ఎడారి పట్టణం టూంబ్‌స్టోన్‌లో 1885లో నాటిన ఒక్క మొక్క నేడు సుమారు 8,000 చదరపు అడుగుల పందిరిని కప్పి, ప్రపంచంలోకెల్లా పెద్ద గులాబీగా గుర్తింపు పొందింది. ఈ తీగను పొద గులాబీలా ఏటా నరికితే మరుసటి వసంతపు పూత మొత్తం చెత్తకుప్పలోకి పోతుంది.

చోటు, నేల, నాటు

చలిదేశపు పుస్తకం తీగ గులాబీని దక్షిణపు గోడకు ఆనించి, రోజంతా ఎండ తగిలేలా నాటమంటుంది, ఎందుకంటే అక్కడ గోడ దాచుకున్న వేడి మొక్కకు మేలు చేస్తుంది. తెలుగు నేలలో అదే గోడ రోహిణి కార్తెలో మొక్కను ఉడికిస్తుంది. ఇక్కడ ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు 5, 6 గంటల ఎండ, ఆ తర్వాత కొంత నీడ దొరికే తూర్పు వైపు అనుకూలం; గోడకన్నా గాలి అటూ ఇటూ ఆడే పందిరి, కమాను, ఇనుప కంచె మేలు. గోడ తప్పనిసరైతే దానికీ తీగలు కట్టే చట్రానికీ మధ్య కనీసం అరడుగు ఎడం ఉంచాలి. లేకపోతే వేడి నిలిచి ఎర్రనల్లి పెరుగుతుంది, వానల్లో ఆకు ఆరక తెగుళ్లు వస్తాయి.

గులాబీ కాస్త ఆమ్లగుణం ఉండి, నీరు ఇంకిపోయే నేలను కోరుతుంది. ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం కలిపితే సరిపోతుంది. నల్లరేగడిలో వేసవికి నెర్రెలు విచ్చి వేర్లు తెగుతాయి, వానలకు నీరు నిలిచి వేర్లకు గాలి అందదు, సున్నం ఎక్కువైనచోట ఇనుము అందక ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపుబారుతుంది. టెక్సాస్‌లోని డాలస్ పరిసరాల నల్లమట్టి కూడా ఈ తరగతి నేలే కాబట్టి, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎదుర్కొనే చిక్కు తెలంగాణ, రాయలసీమ రైతుకు కొత్తది కాదు. రెండుచోట్లా పరిష్కారం ఒక్కటే: నేలమట్టం కన్నా అడుగు ఎత్తున మడి పోసి, చివికిన ఎరువు ధారాళంగా కలిపి నాటడం. రెండు నుంచి రెండున్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంత తీసి, పైమట్టికి మూడోవంతు బాగా చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపాలి. చెదలున్నచోట పచ్చి ఎరువు అసలు వాడకూడదు. పెద్ద తీగలకు మొక్కకూ మొక్కకూ మధ్య 8 నుంచి 10 అడుగులు వదలాలి. మైదానాల్లో వానలు తెరిపిచ్చిన తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నాటితే, వేసవి ముదిరేలోగా వేర్లు లోతుకు దిగుతాయి.

వంచడమే కత్తిరింపు

కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం దాని కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ, పక్క కన్నులను మేల్కొననివ్వదు; అందుకే నిలువుగా వదిలేసిన తీగ ఆకాశంలో నాలుగు పూలు పూసి, కింద బోసిగా నిలుస్తుంది. అదే కొమ్మను నేలకు సమాంతరంగా, లేదా 45 డిగ్రీలకు మించని ఏటవాలుగా వంచి కడితే కొన పెత్తనం సడలి, ప్రతి కన్నూ ఒక పొట్టి పక్కకొమ్మగా మారి పూస్తుంది. పందిరి గుంజకు ఎక్కించేటప్పుడు నిలువుగా కట్టక, గుంజ చుట్టూ మెలికలుగా తిప్పడంలో ఉన్న సూత్రమూ ఇదే. కంచె మీద పెంచాలంటే నేలకు రెండడుగుల ఎత్తున మొదలుపెట్టి అడుగున్నర ఎడంతో జీఐ తీగలు అడ్డంగా లాగి, లేతగా, వంగే దశలో ఉన్న కొమ్మలను విసనకర్ర ఆకారంలో పరచి కట్టాలి. కట్టడానికి పాతచీర పేలికలు గాని, కొబ్బరి నార గాని వాడి, కొమ్మ లావెక్కడానికి చోటుండేలా ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా ముడివేయాలి. ఇనుప తీగతో బిగిస్తే రెండేళ్లలో అది బెరడులోకి దిగిపోతుంది.

మొదటి రెండు మూడేళ్లు ఎండిన కొమ్మలను తీసేయడం తప్ప కత్తిరింపు అక్కర్లేదు. టీ గులాబీలు, వాటి రక్తమున్న న్వాజెట్లు ఆకుల్లోనే కాక పాత కాండంలో కూడా ఆహారం దాచుకుంటాయి. హైబ్రిడ్ టీలకు చేసినట్లు వాటిని మోకాటి ఎత్తుకు నరికితే కోలుకోవడానికి ఏడాదికి పైగా పడుతుంది, ఒక్కోసారి కోలుకోవు. చట్రం నిండిన తర్వాత, వానలు వెనకబట్టిన అక్టోబరులో ప్రధాన కొమ్మలను అలాగే ఉంచి, పూసిన పక్కకొమ్మలను మాత్రం రెండు మూడు కన్నులు మిగిలేలా కుదించాలి. ఆ తర్వాత సుమారు 45 రోజులకు తొలి పూత వస్తుంది. అయిదారేళ్ల నాటికి మొద్దుబారిన కొమ్మను ఏటా ఒకదాన్ని మాత్రమే మొదలు నుంచి తీసి, కొత్తదానికి చోటివ్వాలి. లేడీ బ్యాంక్స్ వంటి ఒక్కవిడత పూసే రకాలకు కత్తిరింపు పూత అయిన వెంటనే జరగాలి. కోసిన ప్రతి లావాటి కొమ్మ చివరా బోర్డో పేస్టు పూయడం వేడి ప్రాంతాల్లో తప్పనిసరి. ఆ గాయాల గుండానే కొనలు నల్లబడి కిందికి ఎండుతూ పోయే కొమ్మ ఎండు తెగులు ప్రవేశిస్తుంది.

ఎండాకాలం, వానాకాలం

చలిదేశంలో గులాబీ విశ్రాంతి చలికాలంలో జరిగితే, తెలుగు నేలలో అది ఏప్రిల్, మే నెలల్లో జరుగుతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినకొద్దీ పూలు చిన్నబోతాయి, రేకుల సంఖ్య తగ్గుతుంది, పసుపు, ఆప్రికాట్ ఛాయలు ఒక్కపూటలో తెల్లబడతాయి. ఆ దశలో ఎరువులు వేసి పూత రాబట్టాలని చూడటం మొక్కను అలసిపోయేలా చేస్తుంది. ఎరువు ఆపి, పాదులో నాలుగంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి లేదా కొబ్బరిపీచు పరచి, రోజూ పైపైన చిలకరించే బదులు వారానికి రెండుమూడు సార్లు లోతుగా తడిపితే వేర్లు కిందికి దిగి వేసవిని తట్టుకుంటాయి. తొలకరి పడగానే మొక్క తిరిగి చిగురిస్తుంది. ఎరువు పెట్టడానికి అదీ, అక్టోబరు కత్తిరింపు తర్వాతి కాలమూ సరైనవి.

వానాకాలపు శత్రువు నల్లమచ్చ తెగులు. దాని శిలీంధ్ర బీజాలు మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు తడి ఏడు గంటలకు పైగా ఆరకుండా ఉండాలి కాబట్టి, ఉదయమే మొదట్లో నీరు పోయడం, గాలి ఆడేలా కొమ్మలను పరచడం, రాలిన ఆకులను ఏరివేయడం సగం మందుగా పనిచేస్తాయి. చలికాలంలో పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉన్నప్పుడు లేత చిగురు మీద తెల్లని పొడిలా బూడిద తెగులు కనిపిస్తుంది. నీటిలో కరిగే గంధకం పొడిని కలిపి చల్లితే తగ్గుతుంది గాని, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం ఆకును మాడ్చేస్తుంది. ఎర్రనల్లికి ఆకు అడుగుభాగం తడిసేలా నీటిని వేగంగా కొట్టడం, తామర పురుగులకు వేపనూనె పిచికారీ, కాండానికి అంటుకున్న పొలుసు పురుగులను బ్రష్షుతో రుద్ది తీయడం పెరటి స్థాయిలో సరిపోతాయి. 'మరెషాల్ నీల్' వంటి ముద్ద రకాల మొగ్గలు వానల్లో విచ్చుకోకుండానే కుళ్లడం తెగులు కాదు, రేకుల మధ్య తేమ నిలవడం. ఎడతెగని వానలుండే తీరప్రాంతాల్లో పలచని రేకుల 'రేవ్ దోర్', 'బ్లష్ న్వాజెట్' వంటివి మేలనిపించడానికి అదే కారణం.

సొంత వేరు, అంటు వేరు

మార్కెట్లో దొరికే గులాబీల్లో అధికభాగం వేరుమూలం మీద కన్ను అంటుకట్టినవి. మట్టిలో ఉండే భాగం ఒక జాతి, పైన పూసే భాగం మరో రకం కావడం వల్ల అంటు కిందినుంచి వేరుమూలపు చిగుళ్లు లేచి, కొన్నాళ్లకు అసలు గులాబీని మింగేయవచ్చు. దక్షిణాదిన చాలాకాలం ఎడ్వర్డ్ గులాబీని వేరుమూలంగా వాడారు. ఫ్లోరిడా ఇసుకనేలల్లో వేర్లను పీల్చే నులిపురుగులను తట్టుకోవడానికి, 1850లో చైనా నుంచి వచ్చిన ఫార్చూనియానా గులాబీ వేర్ల మీద అంటుకట్టడం ఆనవాయితీ. ఇలాంటి ప్రత్యేక అవసరం లేనిచోట న్వాజెట్లు, టీ, చైనా గులాబీలు సొంత వేర్ల మీదే దీర్ఘకాలం బతుకుతాయి, పైగా వాటి కొమ్మలు సులభంగా వేరు తొడుగుతాయి. పూసి ముగిసిన, పెన్సిలు లావున్న కొమ్మను ఆరంగుళాల ముక్కగా కోసి, ఇసుక, కొబ్బరిపీచు పొడి సమంగా కలిపిన కుండీలో వానాకాలం చివర నాటి, తేమ ఆరకుండా నీడలో ఉంచితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేర్లు వస్తాయి. పొడవాటి తీగలున్న రకాలకు, కొమ్మను వంచి మట్టిలో కప్పే నేల అంటు మరింత నమ్మకమైన పద్ధతి.

పాత గులాబీలు నేటికీ మిగలడానికి ఈ సులభత్వమే కారణం. హైబ్రిడ్ టీల వ్యామోహంలో 20వ శతాబ్దపు నర్సరీలు వీటిని వదిలేసినప్పుడు, ఎవరూ మందు చల్లని, నీరు పోయని పాత శ్మశానాల్లోనూ పాడుబడిన ఇళ్ల ఆవరణల్లోనూ అవి బతికి ఉన్నాయి. 1980లలో టెక్సాస్ గులాబీ ప్రియులు అటువంటి చోట్ల కొమ్మలు సేకరించి, పేరు తెలియని వాటికి దొరికిన ఊరి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. 1954లో ఏర్పడిన బెర్ముడా రోజ్ సొసైటీ కూడా ఆ దీవిలో పేరు మరుగుపడిన గులాబీలను ఇలాగే కాపాడింది. మందులూ అధిక ఎరువులూ లేకుండా నల్లమట్టిలో నిలిచే రకాలను టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఎర్త్‌కైండ్ పేరిట పరీక్షించి ఎంపిక చేసినప్పుడు, ఆ జాబితాలో టీ, చైనా వర్గాల పాత గులాబీలు కూడా చోటు సంపాదించుకున్నాయి.

ఏ తోటకు ఏ తీగ

చిన్న పెరటికి, ఆరేడు అడుగుల కంచెకు 'బ్లష్ న్వాజెట్' చాలు. కమానుకూ వరండా స్తంభానికీ 'క్రెపుస్క్యూల్' లేదా తీగ రూపపు 'లేడీ హిల్లింగ్డన్'. పెద్ద పందిరికి 'లమార్క్', 'రేవ్ దోర్', 'మదాం ఆల్ఫ్రెడ్ కారియేర్' తగినవి. బెంగళూరు వంటి ఎత్తైన, చల్లని ప్రదేశాల్లో గైగాంటియా సంకరాలు, లేడీ బ్యాంక్స్ రాణిస్తాయి. హైదరాబాదు, విజయవాడ మైదానాల్లో న్వాజెట్లతో మొదలుపెట్టడం క్షేమం. కడియం వంటి నర్సరీ కేంద్రాల్లో రకం పేరు లేకుండా 'తీగ గులాబీ' అని అమ్మే మొక్క కొనేటప్పుడు ఏడాదికి ఎన్ని విడతలు పూస్తుందో, పూత కొత్త చిగురు మీదా పాత కొమ్మ మీదా, మొక్క అంటుదా సొంత వేరుదా అన్న మూడు ప్రశ్నలు అడిగితే, దాని కత్తిరింపు కాలం, కట్టే తీరు, ఆయుష్షు చాలావరకు తేలిపోతాయి. తోటమాలి పుస్తకంలోని చలికాలపు పట్టికను పక్కన పెట్టి, మే నెలను విశ్రాంతిగా, అక్టోబరును ఆరంభంగా లెక్కించుకుంటే, మూడో ఏటికి పందిరి నిండే తీగ ఆ తర్వాత దశాబ్దాల పాటు పూస్తూనే ఉంటుంది. తోటకు కావలసిన మరో కొత్త మొక్కను కూడా సొంత కొమ్మ నుంచే ఇస్తుంది.